ఐదు నిమిషాల వేషానికి డెబ్బై ఏళ్ల పండగ

2025తో జేమ్స్ హాంగ్ వెండితెర మీదికొచ్చి డెబ్బై ఏళ్లు. తోటి నటులతో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ఆయన పెట్టిన నాటక సంస్థ ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’కి అరవై. రెండు పండగలూ ఒకే ఏడాది కలిసొచ్చాయి. మనిషికేమో ఆ ఏడాది ఫిబ్రవరి 22తో తొంభై ఆరు నిండాయి. సినిమాలు, టీవీ ఎపిసోడ్లు, కార్టూన్లకు చెప్పిన గొంతులు అన్నీ కలిపి లెక్కేస్తే ఆరు వందలకు పైచిలుకు. ఇన్ని చేసినా పోస్టరు మధ్యలో ఆయన బొమ్మ వేసి సినిమా విడుదల చేసిన పెద్ద స్టూడియో ఒక్కటీ లేదు. మన పరిశ్రమ భాషలో చెప్పాలంటే పదహారణాల క్యారెక్టర్ ఆర్టిస్టు.

సన్మాన వ్యాసమంటే శాలువా కప్పి, నాలుగు విశేషణాలు చల్లి కూర్చోబెట్టడం మనకు అలవాటు. హాంగ్ విషయంలో ఆ పప్పులుడకవు. ఆయనకు దక్కిన వేషాల్లో చాలావరకు ఆయన స్థాయికి తక్కువవే. వంటవాడు, సర్వరు, ఇంటి నౌకరు, గూఢచారి, కత్తులు నూరే జనరల్. హాలీవుడ్‌కి చైనా ముఖమంటే అప్పట్లో తెలిసింది అంతే. ఆ సంగతి దాచేసి పొగిడితే ఆయన పడ్డ కష్టాన్ని సగానికి సగం తగ్గించినట్టే. ఇచ్చిన వేషం చిన్నదైనా, ఒక్కోసారి వెక్కిరింతలా ఉన్నా, కూలికి సరిపడా కాదు, అంతకు నాలుగింతలు పని చేసి ఇచ్చారు. పక్కనే ఆ వెక్కిరింత అవసరం లేని వేదిక ఒకటి కట్టుకున్నారు. ఈ రెండో పని జరగకపోతే మొదటిదాన్ని ఇంత సంబరంగా తలుచుకోవడం నాకు సాధ్యమయ్యేది కాదు.

పుట్టింది 1929లో, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో. చైనా నుంచి వలస వెళ్లిన కుటుంబం. చిన్నప్పుడు చదువు కోసం హాంకాంగ్ తీసుకెళ్లారు. పదేళ్ల వయసులో మళ్లీ అమెరికా. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరితే, అలబామాలోని శిబిరంలో సైనికులను నవ్వించే కార్యక్రమాల్లో తేలారు. ఆనక యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా, లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల ఇంజనీరు కొలువు. మన ఇళ్లలో అయితే ఇక సంబంధాలు చూడ్డమే తరువాయి. ఈయన మాత్రం ఉద్యోగానికి సెలవులు పెట్టి వేషాల కోసం తిరిగారు. ఏడాదిన్నర గడిచేసరికి రోడ్లు అక్కడే ఉండిపోయాయి, ఇంజనీరు రాలేదు.

తలుపు తెరిచింది గ్రౌచో మార్క్స్. ఆ మహా హాస్యనటుడు టీవీలో ‘యూ బెట్ యువర్ లైఫ్’ అనే క్విజ్ కార్యక్రమం నడిపేవాడు. 1954లో అందులో పాల్గొన్న హాంగ్ జనానికి తెలిసిన నటులను అనుకరించి చూపించారు. అంతటితో ఆగక, ఎదురుగా కూర్చున్న గ్రౌచోనే గ్రౌచో ముందు దించేశారు. చూసినవాళ్లు ఉత్తరాలు కురిపించారు, ఏజెంటు దొరికాడు. మరుసటి ఏడాది 1955లో వరసగా సినిమాలు: క్లార్క్ గేబుల్‌తో ‘సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్’, జాన్ వేన్‌తో ‘బ్లడ్ ఆలీ’, వాటి మధ్య ‘లవ్ ఈజ్ ఎ మెనీ స్‌ప్లెండర్డ్ థింగ్’. పేర్లు వినడానికి ఘనంగా ఉన్నాయి గానీ వేషాలు వేళ్ల మీద లెక్కపెట్టే మాటలవి. టైటిల్స్‌లో పేరు పడటం కూడా గగనం. జపాన్ ‘గాడ్జిల్లా’ను అమెరికా ప్రేక్షకుల కోసం తిరగరాసి 1956లో విడుదల చేసినప్పుడు అందులో జపాన్ పాత్రలకు ఇంగ్లీషు గొంతు అరువిచ్చినవాళ్లలో ఈయనా ఒకరు. ఒక్కడే రకరకాల గొంతులు మార్చి పని కానిచ్చారు. మిమిక్రీ తెలిసినవాడు ఉంటే నిర్మాతకు నలుగురి ఖర్చు మిగులుతుందన్న సత్యం ఏ దేశంలోనైనా ఒకటే.

ఆ రోజుల హాలీవుడ్ ఎలా ఉండేదో తెలియకపోతే మిగతా కథ బోధపడదు. పెరల్ బక్ నవల ‘ది గుడ్ ఎర్త్’ను ఎంజీఎం సంస్థ 1937లో సినిమా తీసింది. చైనా పల్లె, చైనా రైతు, చైనా కరువు. రైతు వేషం పాల్ మునిది, భార్య వేషం లూయిస్ రైనర్‌ది. ఇద్దరూ తెల్లవాళ్లే. కళ్లు వాలుగా కనబడేలా మేకప్ వేసి నడిపించారు. అప్పటికే పేరున్న చైనా సంతతి తార అనా మే వాంగ్‌కు ఆ కథానాయిక పాత్ర ఇవ్వలేదు. రైనర్‌కు మాత్రం ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. ఇరవై ఏళ్లు గడిచాక, 1957లో హాంగ్‌కు చెప్పుకోదగ్గ మొదటి టీవీ వేషం తగిలితే అక్కడా అదే తంతు. చైనా డిటెక్టివ్ ‘చార్లీ చాన్’ సీరియల్లో పెద్ద కొడుకు వేషం హాంగ్‌ది. తండ్రిగా వేసినవాడు ఐరిష్ మూలాల జె. క్యారల్ నాయిష్. అసలు చైనా ముఖం కొడుకుకీ, అతికించిన చైనా ముఖం తండ్రికీ! ఒకసారి డైలాగ్ అందుకోవడంలో తడబడితే నాయిష్ అందరి ముందూ చెడామడా తిట్టాడనీ, ఆ పని అంతటితో ఊడిందనీ హాంగ్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. గొంతులో ద్వేషం పెట్టుకుని చెప్పే మనిషి కాదాయన. నాయిష్‌ను కూడా అనుకరించి నవ్వించే రకం.

ఇలాంటి చోట ఇమడలేక వెళ్లిపోయినవాళ్లున్నారు, తాగుడుకు బలైపోయినవాళ్లున్నారు, నోరు మూసుకుని వేషాలు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. హాంగ్ వేషాలు వేస్తూనే తోటివాళ్లను కూడగట్టారు. 1965లో మాకో, బ్యూలా క్వో, సూన్-టెక్ ఓ వంటి నటులతో కలిసి ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ మొదలైంది. మొదటి నాటకం ‘రషోమన్’. వేదిక ఓ చర్చి కింది భాగంలోని గది. పెద్ద నిర్మాతలెవరూ పిలవకపోయినా అక్కడ జపాన్ సంతతి నటుడు రాజు కావచ్చు, చైనా సంతతి నటి చెకోవ్ పాత్రకు ప్రాణం పోయొచ్చు. ఎవరూ ఇస్త్రీ బట్టలు మోసుకొచ్చే వేషం వెయ్యక్కర్లేదు. మాకోకు మరుసటి ఏడాది వచ్చిన ‘ది శాండ్ పెబుల్స్’ సినిమాలో సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ దక్కింది. అదే సినిమాలో హాంగ్‌కూ వేషముంది. ఆ చర్చి గది నుంచి బయల్దేరిన సంస్థ ఇవాళ లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో నాటకాలు ఆడుతోంది. అమెరికా తెరమీద ఇప్పుడు కనబడే ఆసియా సంతతి నటుల్లో ఎందరికో అది బడి. నటుడి కెరీర్ రాసేటప్పుడు ఇలాంటి పనిని చివర్లో ‘ఇతర సేవలు’ అన్న శీర్షిక కింద పడేస్తారు. నా దృష్టిలో ఆరు వందల వేషాలు ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు.

ఇక వేషాల సంగతి. 1974లో వచ్చిన ‘చైనాటౌన్’లో ఫే డనవే ఇంట్లో పనిచేసే కాన్ అనే బట్లర్ ఈయనే. తలుపు తీయడం, యజమానురాలు ఎక్కడుందో చెప్పీ చెప్పకపోవడం. అంతకు మించి ఆ పాత్రకు చేతినిండా పనేమీ లేదు. అయినా ఆ ఇంట్లో ఏదో దాగి ఉందని మనకు మొదట అనుమానం వచ్చేది ఆ ముఖం మీద ఏమీ కనబడనందుకే. ‘ఎయిర్‌ప్లేన్!’ అనే హాస్య చిత్రంలో అయితే అరనిమిషం వేషం. విమానంలో పక్క సీటువాడు చెప్పే సొంత ప్రేమకథ భరించలేక కత్తి తీసి పొట్ట కోసుకునే జపాన్ జనరల్. నవ్వు తెప్పించడానికి ఆ అరనిమిషం చాలు.

‘బ్లేడ్ రన్నర్’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1982లో రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమాలో హాంగ్ పాత్ర పేరు హానిబాల్ చూ. మనిషిని పోలిన యంత్రమానవులకు కళ్లు తయారు చేసే నిపుణుడు. దుకాణమంతా గడ్డకట్టే చలి. సెట్ వేసి పొగ వదల్లేదు, నిజంగానే శీతలీకరణ గదిలో తీశారు. నోట్లోంచి వచ్చే ఆవిరి అసలుదే. ఒంటి మీద బొచ్చుకోటు, కోటుకు వేడి గాలి అందించే గొట్టాలు. మైక్రోస్కోపు మీదికి వంగి, తయారవుతున్న కంటిని చూసి చైనా భాషలో గొణుక్కుంటూ మురిసిపోతుంటాడు. సన్న నగిషీ చెక్కుకునే కంసాలిని చూసినట్టుంటుంది. అంతలో రట్గర్ హావర్, మరో యంత్రమానవుడు లోపలికొస్తారు. తమ ఆయుష్షు ఎంతో, ఎవరిని అడగాలో చెప్పమంటారు. ఒకడు కోటు గొట్టాలు పీకేస్తాడు, గాజుకుండలోంచి కళ్లు తీసి ఆయన భుజాల మీద పెడతాడు. అప్పుడు హాంగ్ ముఖం చూడండి. భయంతో పళ్లు కొట్టుకుంటున్నాయి, చలితో మాట వణుకుతోంది. అయినా ఎదుటివాడి కళ్లను గుర్తుపట్టగానే వాటిని చేసింది తానేనన్న గర్వం ఒక్క క్షణం తొంగిచూస్తుంది. చచ్చిపోబోతున్న మనిషి ముఖంలో చేతిపని మీది మమకారం! ఈ మొత్తం నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఆ తర్వాత చూ మళ్లీ కనబడడు. ఆ సినిమా గురించి పుస్తకాలు రాసినవాళ్లెవరూ ఆయన్ని దాటిపోలేదు.

నాలుగేళ్లకు, 1986లో జాన్ కార్పెంటర్ ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’లో ఏకంగా మాంత్రికుణ్ణి చేశాడు. లో పాన్ అనే ఆ పాత్ర వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. శాపం పట్టి ఒళ్లు లేకుండా పోయినవాడు. ఒకసారి చక్రాల కుర్చీలో ముడతలు పడ్డ ముసలి, ఇంకోసారి పట్టువస్త్రాల్లో నిలువెత్తు దెయ్యం. పచ్చకళ్ల పిల్లను పెళ్లాడితే శాపం తీరుతుందట. మన జానపద చిత్రాలు చూసి పెరిగినవాళ్లకు ఈ వేషం కొత్తేమీ కాదు, మేకప్ గదిలో ఎన్ని గంటలు పడుతుందో కూడా ఊహించగలరు. హాంగ్ ఆ ముసలి మాంత్రికుడికి చిరాకునీ, పెళ్లి ఆత్రాన్నీ, అహాన్నీ కలిపి కామెడీ పండించారు. సినిమా విడుదలైనప్పుడు డబ్బులు రాలేదు. తర్వాత వీడియో క్యాసెట్ల పుణ్యాన తరాల తరబడి అభిమానులను కూడబెట్టుకుంది. ఆసియా దుర్మార్గుడనే పాత మూసే కదా అని కొందరు అప్పుడే తప్పుపట్టారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే ఆ మూసను లోపల్నుంచి బద్దలుకొట్టేంత హాస్యం హాంగ్ దగ్గరుంది. పక్కనున్న వీరాధివీరుడు కర్ట్ రసెల్ పాత్ర అందులో ఒట్టి గాలిబుడగ.

టీవీలో ఈయన్ని అజరామరుణ్ణి చేసింది మాత్రం ఓ హోటల్ మేనేజర్ వేషం. 1991 మేలో ప్రసారమైన ‘సైన్‌ఫెల్డ్’ ఎపిసోడ్ పేరే ‘ది చైనీస్ రెస్టారెంట్’. ముగ్గురు స్నేహితులు టేబుల్ ఖాళీ కోసం ఎదురుచూస్తారు. ఎపిసోడ్ అంతా అదే, వేరే కథ లేదు. కథ లేని కథేమిటని ఛానల్ పెద్దలు మొదట పెదవి విరిచారు కూడా. దాన్ని నిలబెట్టింది రిజిస్టరు ముందు నిలబడి, ఎవరు అడిగినా ఇంకాసేపట్లో ఇస్తామని శాంతంగా చెప్పే హాంగ్. వెనకొచ్చినవాళ్లు లోపలికి వెళ్లిపోతుంటారు, వీళ్ల వంతు రాదు. ఆయన ముఖంలో కోపం లేదు, క్షమాపణ లేదు, వెటకారం అసలే లేదు. చేతిలో డబ్బు పెడితే ఆ డబ్బు ఎందుకిచ్చారో కూడా అర్థం కానట్టు ఉంటాడు. ఓపిక నశించి వాళ్లు బయటికెళ్లాక, అప్పుడు పిలుస్తాడు వాళ్ల పేరు. పండగ రోజు టిఫిన్ సెంటర్ దగ్గర టోకెన్ పట్టుకుని నిలబడ్డ ఎవరికైనా ఆ బాధ తెలుసు.

మన పిల్లలకు తెలిసిన హాంగ్ వేరు. ఆ గొంతు ‘కుంగ్‌ఫూ పాండా’లో పో నాన్నది. 2008 నుంచి నాలుగు భాగాల్లోనూ మిస్టర్ పింగ్‌కు ఇంగ్లీషు గొంతు ఆయనదే. పింగ్ బాతు జాతి పక్షి, నూడిల్స్ దుకాణం యజమాని. కొడుకు పాండా. అదెలాగని పిల్లలెవరూ అడగరు, పో కూడా చాలాకాలం అడగడు. రెండో భాగంలో అడుగుతాడు. దుకాణం వెనక ముల్లంగి పెట్టెలో దొరికిన పిల్లవాడి సంగతి పింగ్ చెబుతాడు: ముల్లంగి తిని కూర్చున్న ఆ బుజ్జిగాడికి తిండి పెట్టడం, స్నానం చేయించడం, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడటం, ఎవరూ రాకపోవడం. ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకున్నానంటాడు. ముల్లంగి లేకుండా సూపు కాయాలి, ఈ పిల్లవాణ్ణి కొడుకుగా పెంచుకోవాలి. ముల్లంగి మాట, కొడుకు మాట ఒకే స్వరంలో వస్తాయి. కొట్టువాడు లెక్కలు చెప్పుకున్నట్టు. అంతదాకా గయ్యాళితనం, పిసినారితనం, వ్యాపారపు తొందర పలికిన గొంతు అక్కడ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. ఏడవదు. మనకే గొంతు పట్టుకుంటుంది. అప్పటికి హాంగ్‌కు ఎనభై రెండేళ్లు. ముఖం కనబడని వేషమే ఆయన్ని లోకంలో ఎక్కువమందికి చేర్చింది.

తొంభై దాటాక మరో మలుపు. 2022లో ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లో మిషెల్ యో తండ్రి గాంగ్ గాంగ్ పాత్ర. ఒక లోకంలో కూతుర్ని తక్కువగా చూసే ముసలి తండ్రి, ఇంకో లోకంలో యుద్ధం నడిపే సేనాని. చక్రాల కుర్చీ రెండు చోట్లా ఉంది, కూర్చున్న మనిషే వేరు. ఆ సినిమా 2023లో ఏడు ఆస్కార్లు పట్టుకుపోయింది. దానికి రెండు వారాల ముందు హాలీవుడ్ నటుల సంఘం ఉత్తమ తారాగణం అవార్డు ఇచ్చినప్పుడు తోటివాళ్లంతా వేదిక మీద ఈ తొంభై నాలుగేళ్ల పెద్దాయనకే మైకు అప్పగించారు. ఆయన ఒకప్పుడు తెల్లవాళ్ల కళ్లకు టేపులు అతికించి ఆసియా పాత్రలు వేయించిన రోజులు గుర్తుచేశారు. ఆసియావాళ్లకు అంత నటన రాదు, వాళ్లను పెడితే టికెట్లు తెగవు అన్న నిర్మాతల మాటనూ గుర్తుచేశారు. ఆ తర్వాత తన పక్కనున్న బృందాన్ని చూపించి, ఇప్పుడు చూడండి అన్నారు. హాలంతా లేచి నిలబడింది. మిమిక్రీ మాత్రం మానలేదు, మధ్యలో క్లార్క్ గేబుల్ కూడా వచ్చి వెళ్లాడు.

హాలీవుడ్ వీధి మీద ఉండే నక్షత్రాల సంగతి కూడా చెప్పుకోవాలి. అవి ఊరికే రావు. ఎంపికయ్యాక రుసుము కట్టాలి, మామూలుగా అది స్టూడియోలు కడతాయి. హాంగ్‌కు అన్నేళ్లూ ఏ స్టూడియో కట్టలేదు. నటుడు డానియెల్ డే కిమ్ 2020లో అభిమానులను చందాలు అడిగితే కొద్దిరోజుల్లోనే 55 వేల డాలర్లు పోగయ్యాయి. 2022 మే 10న, తొంభై మూడేళ్ల వయసులో, కాలిబాట మీద ఆయన పేరు పడింది. అంత వయసులో అది అందుకున్నవారు అంతకుముందు లేరు. ఎన్నో సినిమాల టైటిల్స్‌లో పడని పేరును చివరికి ప్రేక్షకులే చందా వేసి రాయించారు. స్టూడియోల సంగతి పక్కన పెడితే, క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఇంతకంటే మంచి సన్మానం ఉంటుందని నేననుకోను.

డెబ్బై ఏళ్ల సందర్భంగా హాంగ్ గారికి మనసారా అభినందనలు. ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ షష్టిపూర్తికి కూడా. లాస్ ఏంజెలెస్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఉండే తెలుగువాళ్లు లిటిల్ టోక్యోలో ఆ సంస్థ నాటకానికి ఒక టికెట్ కొనుక్కుంటే, శుభాకాంక్షలు సరైన చిరునామాకు చేరినట్టే. ఇక్కడున్నవాళ్లు ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకుని ‘కుంగ్‌ఫూ పాండా’ రెండో భాగం ఇంగ్లీషు గొంతుతోనే పెట్టండి. వాళ్లు నిద్రపోయాక ‘బ్లేడ్ రన్నర్’ చూడండి.